బార్‌లో పొగ గది: బెంగళూరు నిబంధనల్లో ఏముంది, వివాదం ఎక్కడుంది

మారతహళ్లిలో మా ఆఫీసు వాళ్లం అప్పుడప్పుడూ వెళ్లే ఆంధ్రా స్టైల్ బార్ ఒకటుంది. లోపల చివరికంటా వెళ్తే, వాష్‌రూమ్ దారిలో ఒక అద్దాల గది. తలుపు మీద కన్నడంలో, ఇంగ్లీషులో 'స్మోకింగ్ ఏరియా' అని స్టిక్కరు. తలుపు దానంతటదే మూసుకోవడానికి పైన స్ప్రింగ్ బిగించారు. కానీ శుక్రవారం రాత్రి ఆ తలుపు మూసుకోదు. వచ్చేపోయేవాళ్లు ఎక్కువని ఎవరో ఖాళీ బీరు క్రేటు అడ్డం పెట్టేస్తారు. ఆ పక్క టేబుళ్లు చూసే కుర్రాడిది మదనపల్లె దగ్గర పల్లె. ఆర్డర్ రాసుకుంటూ రెండుసార్లు మొహం తిప్పుకుని దగ్గాడు. జలుబా అని అడిగాను. "కాదన్నా, ఈ సైడు డ్యూటీ పడితే ఇంతే. డ్యూటీ అయ్యాక చొక్కా కవర్లో కట్టి పెట్టి, వేరేది వేసుకుని ఇంటికి పోతా. ఇంట్లో చంటిపాప ఉంది" అన్నాడు.

బార్లలో, పబ్బుల్లో పొగ తాగడం మీద బెంగళూరులో చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ క్రేటు గుర్తొస్తుంది. ఆరోగ్య శాఖ ఒకటి చెబుతుంది, కార్పొరేషన్ ఇంకొకటి చెబుతుంది, బార్ యజమానులు మరొకటి అంటారు. మన తెలుగువాళ్లలోనే ఎంతమందిని అడిగినా తలా ఒక మాట. "బార్‌లో తాగొచ్చు కదా" అని ఒకరు. "మొత్తం బ్యాన్ చేసేశారు" అని ఒకరు. "రెండొందలు ఫైన్ కడితే సరిపోతుంది" అని ఇంకొకరు. ఈ మూడూ తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే చట్టం మొదటి నుంచి రావాలి.

'పబ్లిక్ ప్లేస్' అంటే మనం అనుకునేది కాదు

దేశమంతటికీ వర్తించేది 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం. వాడుకలో దాన్ని కోట్పా అంటారు. అంతకుముందు 2001 నవంబరులో, ముంబై కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు ఆసుపత్రులు, విద్యాసంస్థలు, లైబ్రరీలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లలో పొగ తాగడాన్ని నిషేధించింది. హోటళ్లు, బార్లు ఆ జాబితాలో లేవు. వాటిని పరిధిలోకి తెచ్చింది కోట్పా.

చట్టంలోని 4వ సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదంటుంది. అయితే 'బహిరంగ ప్రదేశం' అనగానే మనకు రోడ్డు, పార్కు గుర్తొస్తాయి. చట్టం దృష్టిలో అది జనం వచ్చిపోయే హాలు, రెస్టారెంట్, ఆసుపత్రి, ఆఫీసు, బస్సు లాంటివి. ఆరుబయట ఖాళీ స్థలాన్ని కేంద్ర చట్టం ఈ నిర్వచనంలోంచి తీసేసింది. అన్బుమణి రాందాస్ కేంద్ర ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు, 2008 అక్టోబరు 2 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. అవి పని ప్రదేశాలను, షాపింగ్ మాల్స్‌ను, సినిమా హాళ్లను కూడా బహిరంగ ప్రదేశాలుగా చేర్చాయి. స్టేడియం, రైల్వే స్టేషన్, బస్టాపు లాంటి బయటి చోట్లు కొన్నింటిని కూడా లోపలికి తెచ్చాయి.

అదే నియమాలు 'రెస్టారెంట్' అన్న మాటను చాలా విశాలంగా రాశాయి. డబ్బులు తీసుకుని తిండి గానీ పానీయం గానీ అక్కడే కూర్చుని తీసుకునేలా ఇచ్చే చోటు ఏదైనా రెస్టారెంటే. పబ్బు, బార్, డిస్కో, క్యాంటీన్, కాఫీ హౌస్ అన్నీ పేర్లతో సహా ఉన్నాయి. చుట్టూ ఉన్న ఖాళీ జాగా కూడా రెస్టారెంట్‌లో భాగమే అని రాశారు. బెంగళూరు లాంటి రూఫ్‌టాప్ బార్ల ఊళ్లో ఈ చిన్న వాక్యం చాలా పెద్దది. ఇందిరానగర్‌లో నాలుగో అంతస్తు టెర్రస్ మీద కూర్చుని "ఓపెన్ ఎయిరే కదా" అని సిగరెట్ వెలిగించే మనిషి చట్టం ప్రకారం రెస్టారెంట్ లోపలే ఉన్నాడు.

30 సీట్లు, నాలుగు గోడలు

ఇక మినహాయింపు. 30 గదులున్న హోటల్, 30 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది కూర్చునే రెస్టారెంట్, విమానాశ్రయం. ఈ మూడు చోట్ల పొగ తాగేవాళ్లకు విడిగా ఒక చోటు పెట్టుకోవచ్చు. 'పెట్టుకోవచ్చు' అన్నారు, పెట్టి తీరాలని లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బీటీఎం లేఔట్‌లో ఒకే వీధిలో రెండు బార్లున్నాయనుకోండి. ఒకదానిలో 28 సీట్లు, రెండోదానిలో 60. మొదటి బార్‌లో ఎంత పెద్ద అద్దాల గది కట్టినా చట్టం ఒప్పుకోదు. రెండోది గది కట్టుకోవచ్చు. అది కూడా ఇష్టమొచ్చినట్టు కుదరదు. నాలుగు వైపులా నేల నుంచి పైకప్పు దాకా గోడలుండాలి. తలుపు దానంతటదే మూసుకోవాలి, మామూలుగా మూసే ఉండాలి. లోపలి గాలి నేరుగా బయటికి పోవాలి, మిగతా బార్ గాలితో కలవకూడదు. గది లోపలికి వచ్చే ద్వారం దగ్గర గానీ బయటికి వెళ్లే ద్వారం దగ్గర గానీ ఉండకూడదు. టెర్రస్ మీద ఒక మూలన రెండు మొక్కల కుండీలు అడ్డంపెట్టి 'స్మోకింగ్ జోన్' అని బోర్డు తగిలిస్తే అది ఈ నియమాల కింద నిలబడదు. బెంగళూరులో చాలాచోట్ల జరిగేది మాత్రం అదే.

మిగతా బార్ అంతా పొగ లేని చోటే. కనీసం 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు బోర్డు పెట్టి, ఇక్కడ పొగ తాగడం నేరమని రాయాలి. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరు కూడా కనబడేలా ఉండాలి. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు ఇవ్వకూడదు. అందుకే కొన్ని బార్లలో యాష్‌ట్రే అడిగితే తడి టిష్యూ పెట్టిన పేపర్ కప్పు తెచ్చి ఇస్తారు. ఆ కప్పు టేబుల్ మీదికి వచ్చిందంటే, కస్టమర్ చేస్తున్న పనిలో బార్ కూడా చెయ్యి కలిపినట్టే.

తలుపు తెరిస్తే గాలి ఎటు పోతుంది

గది పనిచేస్తుందా లేదా అన్నదే అసలు గొడవ కాబట్టి, దీని దగ్గర కొంచెం ఆగాలి.

వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడు తలుపు కర్టెన్ లోపలివైపు ఊగడం చూసే ఉంటారు. ఫ్యాన్ బయటికి తోసే గాలి స్థానంలోకి పక్క గదుల్లోంచి గాలి వస్తుంది. పొగ గది కూడా ఇలాగే ఉండాలని నియమాలు చెబుతాయి. గది లోపల గాలి ఒత్తిడి బయటికంటే తక్కువగా ఉంచితే, తలుపు తెరిచినప్పుడు బార్‌లోని గాలి గదిలోకి పోవాలే తప్ప గదిలోని పొగ బార్‌లోకి రాకూడదు.

కాగితం మీద ఇది సరిగ్గానే ఉంది. కానీ మనుషులు నడుస్తారు. బయటికి వచ్చే మనిషి వెనక కొంత గాలి అతనితో పాటే వస్తుంది. అతని ఊపిరిలో, బట్టల్లో పొగ ఉంటుంది. ఫ్యాన్ పాతబడితే, డక్ట్‌లో జిగురు పేరుకుంటే లాగే శక్తి తగ్గుతుంది. తలుపుకి క్రేటు అడ్డం పెడితే ఇక ఆ ఒత్తిడి తేడా నిలవదు. సిగరెట్ పొగలో 7,000కు పైగా రసాయనాలు, వాటిలో కనీసం 70 క్యాన్సర్ తెచ్చేవి ఉన్నాయి. వాసన తగ్గిందంటే అవి పోయాయని కాదు. ఏసీ గాలిని చల్లబరిచి తిప్పుతుంది, అంతేగానీ ఈ సూక్ష్మ కణాలను గదిలోంచి బయటికి పంపదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలో భారత్ 2004 నుంచి భాగస్వామి. ఆ ఒప్పందంలోని 8వ అధికరణం పరోక్ష పొగ గురించి, అంటే పక్కవాళ్లు తాగితే మనం పీల్చే పొగ గురించి. 2007లో సభ్య దేశాలు ఆమోదించిన మార్గదర్శకాలు సూటిగా చెప్పాయి: వెంటిలేషన్, గాలి వడపోత, విడి పొగ గదులు ఇతరులను కాపాడలేవు, లోపలి ప్రదేశాలు పూర్తిగా పొగ లేకుండా ఉండాల్సిందే. అంటే మన దేశం బయట ఒప్పుకున్న మాటకీ, ఇంట్లో రాసుకున్న మినహాయింపుకీ పొంతన లేదు. 2020 చివర్లో కేంద్రం తెచ్చిన సవరణ ముసాయిదా హోటళ్లు, రెస్టారెంట్లలో పొగ గదులు తీసేయాలని, జరిమానా 2,000 దాకా పెంచాలని ప్రతిపాదించింది. అది చట్టం కాలేదు.

కర్ణాటక మార్చినవి, మార్చనివి

ఇప్పుడు బెంగళూరుకు వద్దాం. కర్ణాటక శాసనసభ 2024 ఫిబ్రవరిలో కోట్పాకు రాష్ట్ర సవరణ చేసింది. కేంద్ర చట్టాన్ని మార్చే సవరణ కాబట్టి రాష్ట్రపతి ఆమోదానికి వెళ్లి, 2025 మేలో అమల్లోకి వచ్చింది. బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే జరిమానా 200 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. పొగాకు నమిలి ఉమ్మడం కూడా నిషేధంలోకి వచ్చింది. సిగరెట్లు కొనే కనీస వయసు 18 నుంచి 21 అయింది. విద్యాసంస్థకు వంద మీటర్ల లోపు అమ్మకూడదు. విడిగా ఒక్కో సిగరెట్ అమ్మకూడదు. మన ఐటీ పార్కుల ముందు కాండిమెంట్స్ షాపుల్లో ఇప్పటికీ జరిగేది ఎక్కువగా విడి సిగరెట్ల వ్యాపారమే.

హుక్కా బార్లను మాత్రం పూర్తిగా మూసేశారు. నడిపితే ఏడాది నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి లక్ష రూపాయల జరిమానా. తెలంగాణ అసెంబ్లీ కూడా 2024 ఫిబ్రవరిలోనే హుక్కా పార్లర్ల నిషేధానికి ఇలాంటి బిల్లు ఆమోదించింది కాబట్టి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

30 సీట్ల మినహాయింపు మాత్రం అలాగే ఉంది. చాలామంది "కర్ణాటక బార్లలో పొగ నిషేధించింది" అని చదివి పొరబడేది ఇక్కడే. నిషేధించింది హుక్కాని. సిగరెట్‌కి అద్దాల గది ఇంకా చట్టబద్ధమే.

జరిమానా ఎంత మారిందో ఒక లెక్క చూద్దాం. ఒక శనివారం రాత్రి మూడు టేబుళ్ల దగ్గర ఆరుగురు గది బయటే సిగరెట్లు వెలిగించారు. ఒక కుటుంబం మేనేజర్‌కి చెప్పింది. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. 2008 నియమాల ప్రకారం, ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని యజమాని లేదా మేనేజర్ మీద, ఎన్ని నేరాలు జరిగాయో అన్నింటి లెక్కన జరిమానా పడొచ్చు. పాత రేటున ఆరు రెండొందలు, 1,200. కొత్త రేటున 6,000 దాకా. 1,200 ఒక టేబుల్ బిల్లుకి కూడా తక్కువ. 6,000 అంటే ఆ రాత్రి కౌంటర్‌లో కూర్చున్న మనిషి ఒక నిమిషం ఆలోచిస్తాడు. అయితే వచ్చి రసీదు రాసేవాళ్లు ఉంటేనే ఈ లెక్కకు అర్థం.

కార్పొరేషన్ తనంతట తాను నిషేధించగలదా

"ఇన్ని చెప్పేబదులు కార్పొరేషన్ ఒక సర్క్యులర్ ఇచ్చి పొగ గదులు మూసేయొచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు ముంబైలో ఉంది. 2011లో బృహన్ముంబై కార్పొరేషన్ హోటల్ లైసెన్సు షరతుల్లో పొగ గదుల్లో హుక్కా ఇవ్వకూడదని చేర్చింది. బాంబే హైకోర్టు సమర్థించింది. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కేంద్ర చట్టం, దాని నియమాలు అనుమతించిన దాన్ని లైసెన్సు షరతు పేరుతో నగరపాలక సంస్థ కాదనలేదని ఆ తీర్పు సారాంశం. ఆ తర్వాత 2017లో కేంద్రమే నియమం మార్చి, పొగ గదిలో ఏ సర్వీసూ ఉండకూడదని రాసింది. అంటే ఇవాళ ఆ గదిలోకి హుక్కానే కాదు, బీరు గానీ మిర్చి బజ్జీ గానీ తెచ్చి ఇవ్వకూడదు. లోపల టేబుల్ వేసి మందు పోస్తున్న గది, గోడలు ఎంత బాగున్నా, నియమం తప్పినట్టే.

కర్ణాటకలో దారి వేరుగా నడిచింది. 2024 ఫిబ్రవరి 7న రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇచ్చి హుక్కా నిషేధించింది. యజమానులు కోర్టుకు వెళ్లారు. ప్రజారోగ్యాన్ని కాపాడడం రాజ్యం బాధ్యతన్న రాజ్యాంగంలోని 47వ అధికరణం కూడా చర్చకు వచ్చిన ఆ కేసులో, ఏప్రిల్‌లో హైకోర్టు నోటిఫికేషన్‌ను సమర్థించింది. తర్వాత చట్ట సవరణ దానికి గట్టి పునాది వేసింది. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి చేతిలో ఏముందో తెలుస్తుంది. పొగ గది అనే మినహాయింపును ఎత్తేయాలంటే అది పార్లమెంటు గానీ, రాష్ట్రపతి ఆమోదంతో శాసనసభ గానీ చేయాలి. స్థానిక అధికారుల చేతిలో ఉన్నది, గది నియమాల ప్రకారం ఉందా లేదా చూడడం. అది చిన్న పని అనుకోకండి. నియమాలు అక్షరాలా అమలైతే నేను చూసిన గదుల్లో చాలావరకు మర్నాడే మూతపడతాయి.

చూడాల్సినవాళ్లు ఒక్కరు కాదు. మద్యం లైసెన్సు ఎక్సైజ్ శాఖది. ట్రేడ్ లైసెన్సు కార్పొరేషన్‌ది. జరిమానా పోలీసులూ రాయొచ్చు, ఆరోగ్య శాఖ అధికారులూ రాయొచ్చు. పైగా 2025 సెప్టెంబరులో పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఇన్ని చేతుల మధ్య పని జారిపోవడం సులువు.

ఎవరి మాటలో ఎంత బలం

బార్ యజమానుల వాదనను కొట్టిపారేయలేం. నియమం ఉందని నమ్మి డబ్బు పెట్టి గది కట్టినవాళ్లున్నారు. రేపు మూసేయమంటే ఆ ఖర్చు ఎవరిస్తారని అడుగుతారు. గది లేకపోతే పొగ తాగేవాళ్లు ఫుట్‌పాత్ మీదికి వస్తారు. రాత్రి పదకొండింటికి గుంపుగా నిలబడి గట్టిగా మాట్లాడుతుంటే పై అంతస్తుల్లో ఉండేవాళ్లు పోలీసులకు ఫోన్ చేస్తారు. ఆ దారిన ఒంటరిగా నడిచే ఆడపిల్లలకు ఆ గుంపు ఇబ్బంది. ఇవన్నీ ఊహించి చెబుతున్నవి కావు, కోరమంగళలో ఎవరినడిగినా చెబుతారు. మూసేయడం తేలిక, మూసేశాక వీధిని ఎవరు చూస్తారన్నది కూడా తేల్చాలి.

పొగ తాగేవాళ్ల మాటలో కూడా న్యాయం ఉంది. సిగరెట్ అమ్మకం నేరం కాదు, పన్ను ప్రభుత్వమే తీసుకుంటోంది. పెద్దవాళ్లు తెలిసి వచ్చే చోటు బార్. పొగ నచ్చనివాళ్లు వేరే చోటికి వెళ్లొచ్చు కదా అంటారు. కస్టమర్ విషయంలో ఈ వాదన కొంతవరకు నిలుస్తుంది.

చిన్న బార్ల బాధ వేరు. 28 సీట్లవాడికి గది లేదు, 60 సీట్లవాడికి ఉంది. పొగ తాగే కస్టమర్లు పెద్ద బార్‌కి పోతారు. అందరికీ ఒకే నిషేధం ఉంటే నష్టం సమానమవుతుంది కాబట్టి, కొందరు చిన్న యజమానులు పూర్తి నిషేధాన్నే మేలంటారు. బయటివాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది గానీ లెక్క సరిగ్గానే ఉంది.

మన ఊళ్ల నుంచి వచ్చే ప్రశ్న ఇంకొకటి. పొగాకు బోర్డు గుంటూరులో ఉంది. ప్రకాశం, నెల్లూరు రైతులు వర్జీనియా పొగాకు మీద బతుకుతున్నారు, కర్ణాటకలో హుణసూరు, పిరియాపట్న వైపు కూడా అంతే. ఆ పంటలో పెద్ద వాటా విదేశాలకు పోతుంది. బెంగళూరు బార్లలో అద్దాల గది ఉంటుందా పోతుందా అన్నదాని మీద ఒంగోలు వేలం ధర ఆధారపడదు. రైతు సమస్య నిజమైనదే, దాన్ని ఈ చర్చలోకి లాగితే రెండింటికీ న్యాయం జరగదు.

గంటల లెక్కలో వెయిటర్

అన్ని వాదనల్లో కస్టమరే ఉంటాడు. నాకు నచ్చనిది అదే. ఒక లెక్క వేసి చూడండి. నెలకు రెండుసార్లు, వచ్చినప్పుడల్లా రెండు గంటలు కూర్చునే కస్టమర్ ఆ గాలి పీల్చేది నాలుగు గంటలు. రోజుకు తొమ్మిది గంటల చొప్పున నెలకు 26 రోజులు పనిచేసే వెయిటర్ 234 గంటలు. దాదాపు 58 రెట్లు. 'నచ్చకపోతే వేరే చోటికి వెళ్లొచ్చు' అన్న మాట అతనికి వర్తించదు. వెళ్తే జీతం పోతుంది.

2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం, దేశంలో నాలుగు గోడల మధ్య పనిచేసే పెద్దవాళ్లలో 30.2 శాతం మంది పని చోట పరోక్ష పొగ పీలుస్తున్నారు. పొగ తాగేవాళ్లు మాత్రం దేశం మొత్తం మీద 10.7 శాతం, కర్ణాటకలో 8.8 శాతం. 2004 మార్చిలో ఐర్లండ్ పబ్బులతో సహా పని ప్రదేశాలన్నిటా పొగ ఆపేసినప్పుడు ముందుంచిన కారణం కూడా అక్కడ పనిచేసేవాళ్ల ఆరోగ్యమే. 2006లో స్కాట్లాండ్ అదే చేశాక బార్ కార్మికులను పరీక్షిస్తే కొన్ని నెలల్లోనే దగ్గు, పిల్లికూతలు తగ్గినట్టు తేలింది.

మన 2008 నియమాలు పని ప్రదేశాన్ని బహిరంగ ప్రదేశమనే అన్నాయి. బార్ వెయిటర్‌కి పని ప్రదేశమే. మినహాయింపు ఇచ్చేటప్పుడు మాత్రం సీట్లు లెక్కపెట్టారు, ఆ సీట్ల మధ్య తిరిగేవాళ్లను లెక్కపెట్టలేదు. గదిలో సర్వీసు ఉండకూడదని 2017లో రాయడంతో లోపలికి వెళ్లే పని కొంత తగ్గింది. కానీ అర్ధరాత్రి మూసే వేళకు ఆ గది ఊడ్చి, పీకలు ఏరి, అద్దాలు తుడిచేది ఎవరో నియమాల్లో లేదు.

పోయిన నెల వెళ్లినప్పుడు ఆ గది తలుపుకి క్రేటు లేదు. మేనేజర్‌ని అడిగితే "చెకింగ్ ఉందని చెప్పారు సార్" అన్నాడు. మదనపల్లె కుర్రాడు ఆ రోజు కిటికీ వైపు టేబుళ్లు చూస్తున్నాడు. రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాం. క్రేటు తిరిగి వచ్చింది. అతని డ్యూటీ కూడా మళ్లీ ఆ గది పక్కకే పడింది.